మోకు రెండో కొస

పొద్దున ఎనిమిదిన్నర దాటిందంటే నాకు కాలు ఒకచోట నిలవదు. జగిత్యాలలో మా అమ్మాయి వాళ్లుండేది మూడో అంతస్తు. కింద రోడ్డు, రోడ్డుకు అవతల మనుమరాలి బడి. పిల్ల సంచి తగిలించుకుని మెట్లు దిగిందో లేదో నేను పోయి బాల్కనీ కమ్మి పట్టుకుంటాను. పిల్ల అటు చేరేదాకా నా ఊపిరి నా దగ్గర ఉండదు. కింద దాటించే పిల్లలు ఉంటారు, కాదనను. తొమ్మిదో తరగతి వాళ్లు ఇద్దరు, మెరిసే జాకెట్లు తొడుక్కుని, ఒకరు ఇటు ఒకరు అటు నిలబడి, ఈల ఊది ఎర్ర పలక ఎత్తుతారు. పలక ఎత్తితే ఆటోలు, బైకులు, ఇసుక ట్రాక్టర్లు కూడా ఆగుతాయి. మా అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది. "వాళ్లు ఉన్నరు గదమ్మా, నువ్వు పైనుంచి జూసి ఏం జేస్తవ్" అంటుంది. ఆ మాట నిజమే. నా బాధ కూడా అదే.

నిన్న ఇటువైపు పిల్లవాడు రాలేదు. జ్వరమో ఏమో. అవతల ఒక్క ఆడపిల్లే పలక పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. మా మనుమరాలు ఇవతల అంచున నిలబడింది. ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి ఒక లారీ వస్తోంది. పైనుంచి నాకు లారీ కనిపిస్తోంది, పిల్లా కనిపిస్తోంది. పిల్లకు లారీ కనిపిస్తోందో లేదో తెలియదు. అప్పుడు నేనేం చేశానో చివర్లో చెప్తాను. ముందు మోకు తాత సంగతి చెప్పాలి. చెప్పకుండా ఇన్నేళ్లు ఎట్లా ఉన్నానో నాకే తెలియదు.

మా ఊరు కోరుట్ల నుంచి జగిత్యాల పోయే తోవలో ఉండేది. ఊరు ఇప్పుడూ ఉంది కానీ నేను చెప్పే ఊరు లేదు. రోడ్డుకు ఇటు ఇళ్లు, అటు బడి, బడి వెనక తాటివనం. రోడ్డంటే ఒక్క లారీ పట్టేంత. ఎదురుగా ఇంకోటి వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. బండ్లు తక్కువే. తక్కువ కాబట్టే దాన్ని ఎవరూ లెక్క చేసేవాళ్లు కాదు. కోళ్లు, మేకలు, ముసలివాళ్లు అంతా అక్కడే. వచ్చే లారీ కూడా ఎవరినీ లెక్క చేసేది కాదు. పసుపు కాలంలో బస్తాల లారీలు పోతుంటే ఊరంతా పసుపు వాసన కొట్టేది. మా వాకిట్లో మాత్రం దాన్ని మించి తునికాకు, తంబాకు వాసన.

మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. అవ్వ బీడీలు చేసేది. బాపు భీవండిలో మిల్లు పనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. మా ఇంటి ముందు తలుపు రోడ్డు మీదికి ఉండేది. నాకు బుద్ధి తెలిసి ఆ తలుపు తెరవగా చూడలేదు. గడియ తుప్పు పట్టిపోయింది. వచ్చేదీ పోయేదీ వెనక దారినే. ఎందుకని అడిగితే అవ్వ చాటలో ఆకు సర్దుకుంటూ వినబడనట్టు ఉండేది.

ఎందుకో ఊరు చెప్పింది, ముక్కలు ముక్కలుగా. నాకు ముందు ఒక అన్న ఉండేవాడట. రెండో తరగతి. ఒక పొద్దున బడికి పోతూ మా గుమ్మం ముందే లారీ కింద పడి చనిపోయాడు. నేనప్పుడు చంకపిల్లను. ఇంట్లో ఆ మాట అవ్వ నోట ఒక్కసారి కూడా రాలేదు.

అందుకే నాకు ఆరేళ్లు నిండినా బడి ఊసు ఎత్తలేదు. ఒకరోజు ఒక ముసలాయన కుంటుకుంటూ వెనక వాకిట్లోకి వచ్చాడు. మోకు తాత ఆయనే, కల్లుగీత మనిషి. చెట్టు మీదినుంచి పడి తుంటి విరిగి, ఎక్కడం మానేసి ఏళ్లయింది. "పొల్లను నా మోకుకు ఒప్పజెప్పు చెల్లె. అవతల దించే పూచీ నాది" అన్నాడు. అవ్వ చాట పక్కకు పెట్టింది. తర్వాత లేచి నాకు తల దువ్వింది.

మోకంటే తాళ్లెక్కేవాళ్లు చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే మందపు తాడు. ఆయన తన పాత మోకు, కొత్త మోకు కలిపి ముడివేశాడు. ఒక కొస బడి వైపు వేపచెట్టుకు కట్టి, రెండో కొస పట్టుకుని మా వైపు నిలబడేవాడు. మామూలప్పుడు మోకు రోడ్డు మీద పడి ఉండేది, బండ్లు దాని మీదినుంచే పోయేవి. పిల్లలు పోగయ్యాక ఆయన కొసను నడుముకు చుట్టుకుని వెనక్కి వాలి ఒకసారి బరువు వేసేవాడు. చెట్టెక్కే ముందు వాళ్లంతా చేసే పని అది. మోకు నడుమెత్తు లేచేది. మధ్యలో కట్టిన ఎర్ర పేలిక ఊగేది. మేము ఎడమ చేత్తో మోకు పట్టుకుని ఒకరి వెనక ఒకరం దాటేవాళ్లం. ఉరకొద్దు. అవతల మట్టి తొక్కేదాకా చెయ్యి విడవొద్దు. ఆయనకున్న చట్టం అంతే.

మొదట్లో లారీ వాళ్లు బూతులు తిట్టారు. బండ్లు ఆపడానికి ఇదేం నాకానా అని ఒకడు కిందికి దిగి మీదికొచ్చాడు. తాత మోకు దించలేదు. తర్వాత అలవాటైపోయింది. బస్సు డ్రైవరు ఆగి బీడీ ముట్టించుకునేవాడు.

మేమేమన్నా బుద్ధిమంతులమా? ఆయన్ను కుంటి నడక నడిచి వెక్కిరించేవాళ్లం. ఆయన చూడకుండా మోకు మీద ఊయల ఊగేవాళ్లం. తాగి చెట్టు మీదినుంచి పడ్డాడని మాలో మేమే కథ కట్టి దానికి పాట కూడా కట్టాం. ఆ పాటలో సగం నాదే. ఆయన మాత్రం ఎండకాలం వస్తే ముంజలు కొట్టించి మా దోసిళ్లలో పోసేవాడు. నీళ్లు మోచేతుల దాకా కారేవి. పనిలేని వేళ మాకు ముడి వేయడం నేర్పేవాడు. గుంజినకొద్దీ బిగిసేది, కొస పట్టి లాగితే ఒక్క ఊపులో ఊడేది. పిల్లలందరిలో అది సరిగ్గా పట్టుబడింది నాకే. కాకపోతే నాది ఎడమ చేతివాటం. నేనేస్తే ముడి అద్దంలో చూసినట్టు తిరగబడి పడేది. "నీ ముడి నా ముడికి మరదలే" అని నవ్వేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు తెలంగాణ గొడవ మొదలైంది. కోరుట్ల నుంచి పెద్ద బడి పిల్లలు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. మా బడి గంట వాళ్లే కొట్టి, జై తెలంగాణ అనిపించి, మమ్మల్ని ఇళ్లకు తోలేవాళ్లు. మొదటి వారం పండగలా ఉంది. తర్వాత తోచుబాటు కాలేదు. బడి మూడు రోజులు తెరిస్తే పది రోజులు మూత. కల్లు మండువలో పెద్దవాళ్ల మాటలన్నీ నౌకరీల గురించి, అరెస్టుల గురించి, కాల్పుల గురించి. మేము వస్తే గొంతు తగ్గించేవాళ్లు. బస్సు వస్తుందో రాదో తెలియదు, బాపు ఉత్తరం వస్తుందో రాదో తెలియదు. అవ్వకు ఆకు అందక చాట ఖాళీగా ఉండేది. పని లేకపోతే అవ్వకు కోపం ఎక్కువ, బడి లేకపోతే నాకు పొగరు ఎక్కువ. ఇద్దరికీ ఒకే కప్పు కింద పడేది కాదు.

బడి లేకున్నా తాత పొద్దున వచ్చి నిలబడేవాడు. ఎవరన్నా అడిగితే, బడి మూసిండ్రు గాని రోడ్డు మూయలే గద అనేవాడు.

ఒక మధ్యాహ్నం తాత మక్క గట్క తిని, కొస తలకింద పెట్టుకుని చింత నీడలో పడుకున్నాడు. మేము ఆరేడుగురం. ఊళ్లలో అందరూ రోడ్లు బందు పెడుతున్నారు, మనం పెట్టొద్దా అన్నాను. అన్నది నేనే, ఇంకెవరి మీదా తోయను. కొస మెల్లగా లాగి, మోకు ఎత్తి, మా వైపున్న మైలురాయికి చుట్టి నేనే ముడి వేశాను. ఎర్ర పేలిక గాలికి ఊగుతుంటే నాకు నేనే పెద్ద లీడరునై పోయాను. ఎడ్లబండి వస్తే ఆపి, జై తెలంగాణ అనిపించుకుని వదలాలని మా ఎత్తు.

వచ్చింది పోలీసు జీపు. అంత గట్టిగా కీచుమని ఆగిన బండిని అంతకుముందు చూడలేదు. మేము చెట్టుకొకరం పుట్టకొకరం అయిపోయాం. నేను తునికాకు మూటల వెనక దూరి, మా ముందు తలుపు సందులోంచి చూశాను. జవాను ముడి విప్పరాక తిట్టుకుంటున్నాడు. తాత కళ్లు నులుముకుంటూ లేచి వచ్చాడు. ముడి మీద చెయ్యి పెట్టాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఎవరిది ఈ మోకని అమీను, అంటే ఎస్సై, అడిగాడు. నాదే అన్నాడు తాత. ఎవరు కట్టారు? నేనే కట్టిన. ఆ కాలంలో రోడ్డుకు అడ్డం ఏమున్నా బందు కిందే లెక్క. మోకు చుట్టి జీపులో పడేశారు, తాతనూ ఎక్కించారు.

నేను చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. ఆకలి లేదంటే ఎండదెబ్బ అనుకుని అవ్వ ఉల్లిగడ్డ రుద్దింది.

రెండు రోజులకు బడి తెరిచారు. మోకు లేదు, తాత లేడు. మగపిల్లలు తమంతట తాము దాటబోతే, ఒక పిల్లవాడి పలక చేజారి చక్రం కింద పడి పొడి అయింది. పిల్లవాడు వెంట్రుక వాసిలో తప్పుకున్నాడు. ఆ కీచు అవ్వ విన్నది. చేతిలో బీడీ చేతిలోనే ఉంది. ఆ పూటే తేల్చి చెప్పింది. "నీకు సదువు లేదు బడి లేదు. సిరిసిల్లకు మీ మేనత్తింటికి వోయి కండెలు సుట్టుకుంట బతుకు. గాడ మగ్గం ఇంట్లనే ఉంటది, రోడ్డు దాటే పని లేదు."

మర్నాడే రొట్టెలు మూటగట్టి బయల్దేరదీసింది. బస్సు దారి మధ్యలో ఒక పెద్ద ఊళ్లో ఆగిపోయింది. ముందు బందు, ఇక పోదన్నారు. పట్టుకొచ్చిన వాళ్లను ఆ ఊళ్లోనే ఒక పసుపు గోదాంలో పెట్టారని, వాళ్లలో ఒక కుంటి ముసలాయన ఉన్నాడని చాయ్ దుకాణంలో అంటుంటే విన్నాం. అవ్వ లేచి అటు నడిచింది. సిరిసిల్ల తోవకని కట్టిన రొట్టెలు తాతకు ఇవ్వాలని.

గోదాం లోపల ఘాటుకు కళ్లు మండాయి. మనుషులు, జవాన్లు, అమీను బల్ల మీది కాగితాలు, అన్నీ పసుపే. తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్ల మీసం పచ్చబడింది. ఊళ్లో ఉంటే పకపకా నవ్వేదాన్ని. మోకు ఒక మూల చుట్టపెట్టి ఉంది. ఎవరు కట్టించారో ఆ కుర్రవాళ్ల పేర్లు చెప్తే ఇప్పుడే ఇంటికి పోతావని అమీను మూడు రోజులుగా అడుగుతున్నాడట. నేనే కట్టిన అన్న మాట తప్ప తాత ఇంకో మాట చెప్పలేదట.

అవ్వ రొట్టెల మూట కింద పెట్టింది. మగవాళ్ల ముందు గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ చూడని మనిషి, అమీను ముందు నిలబడి చెప్పింది.

"సారూ, గీయన బందు పెట్టెటోడు గాదు. పోరగాండ్లను దాటిస్తడు. నా కొడుకు రోడ్డు మీదికి ఉరికిన నాడు గీయన చెట్టు మీద ఉండె. ఇటు పోరడు, అటునుంచి లారి, రెండు గీయనకే గనవడ్డయి. ఒర్లిండట, ఎవలకు ఇనరాలె. మోకు ఇడిసి దిగవోయి పడ్డడు. నా కొడుకు కోసమని తుంటి ఇరగ్గొట్టుకున్నోడు సారూ గీయన."

తాగి పడ్డాడని మేము కట్టిన పాట తలలో తిరుగుతూనే ఉంది, ఆపుదామంటే ఆగదు. తాత తల వంచుకుని పసుపు నేల మీద వేలితో గీస్తున్నాడు.

అమీను గొంతు కొంచెం తగ్గింది. మరి రాయికి కట్టిందెవరు అన్నాడు. అప్పుడు జవాను నా వైపు చూస్తూ, ఉరికిన పిల్లల్లో ఒక ఆడపిల్ల ఉందని చెప్పాడు. తాత చప్పున తలెత్తాడు. "గా పొల్లకు ముడేసుడు రాదు సారూ. రెండేండ్ల సంది నేర్పుతున్న, అబ్బలే" అన్నాడు.

ఇక్కడ నా మనసు కరిగి నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే బాగుంటుంది. కానీ అబద్ధం. నాకు రోషం వచ్చింది. అందరిలోకి నాకే వచ్చిన పనిని రాదంటాడా అని ఒళ్లు మండిపోయింది. నాకు ముడి రాదా అంటూ పోయి మోకు కొస లాక్కుని గోదాం గుంజకు చుట్టి కట్టాను. ముడి పడింది. జవాను వంగి చూసి, అదే సార్, రాయికున్నదీ ఇట్లాగే ఎడమ దిక్కు తిరిగి ఉంది అన్నాడు. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. అవ్వ చెంప మీద ఒక్కటి ఇచ్చింది. తాత మాత్రం గోడ పట్టుకుని లేచి, గుంజ దగ్గరికి వచ్చి, మోకు నడుముకు ఆనించి అలవాటుగా వెనక్కి వాలాడు. ముడి ఆగింది. "అబ్బింది" అన్నాడు మెల్లగా.

అమీను చాలాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపాడు. ఆఖరికి ముసలాయన్ను తీసుకుపొమ్మన్నాడు. మోకు మాత్రం కాగితాల్లో రాసేశాం, ఇవ్వడం కుదరదన్నాడు.

పసుపు దించి ఖాళీగా పోతున్న ఎడ్లబండి దొరికితే ఎక్కాం. సిరిసిల్ల మాట అవ్వ ఎత్తలేదు, ఊరికి పోదామనీ అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగి కూర్చుంది. రొట్టె తుంచి నాకు పెట్టింది తాతే. నువ్వే కట్టావని ఎందుకు చెప్పావని అడిగాను. మోకు నాది గద బిడ్డా అన్నాడు. చాలా దూరం పోయాక, అడగకుండానే, తాటివనాల దిక్కు చూస్తూ ఇంకో మాట అన్నాడు.

"పైనుంచి అన్ని గనవడుతయి బిడ్డా. చెయ్యే అందదు."

ఊరి దగ్గర కోరుట్ల పిల్లలు బంతిపూల దండతో ఎదురొచ్చారు. ఊళ్లో మొదట జైలుకు పోయింది ఆయనేనట. దండ వేసి జై అన్నారు. పచ్చటి మీసం, పచ్చటి కాళ్లు, మెళ్లో దండ చూసి ఆడవాళ్లు పెండ్లికొడుకు వచ్చిండని ఒకటే నవ్వు. తాతకు సిగ్గూ కోపం రెండూ వచ్చాయి. నేను బందు పెట్టినోన్ని గాదురా, మీ బందు మీరు పెట్టుకోండ్రి, పోరగాండ్లు దాటినంక అన్నాడు. ఆ పిల్లలు ఆ మాట నిలబెట్టారు. తర్వాత ఎన్ని బందులైనా, బడి ఉన్న రోజున మేము దాటాకే రోడ్డు మీద కూర్చునేవాళ్లు.

మర్నాడు పొద్దున ఏదో కిర్రుమని చప్పుడైతే లేచాను. అది మా ముందు తలుపు. అవ్వ గడియను రాయితో కొట్టి తీసింది. ఇంట్లోకి రోడ్డు వెలుతురు పడింది. ముల్లె లోంచి తన గళ్ల చీర తీసి, మడిచి, మెలిపెట్టి భుజాన వేసుకుంది. గుమ్మం ముందు తాత ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. అవ్వ ఒక కొస ఆయన చేతిలో పెట్టింది. "ఇంకో కొస నేను వడ్త" అంది. అంచున కాసేపు ఆగింది. కొడుకు పోయాక ఆ గుమ్మం ముందు తారును ఆమె దాటలేదు. తర్వాత కిందికి చూడకుండా దాటి, అవతల వేపచెట్టు దగ్గర నిలబడి, చీర లాగి పట్టుకుంది. ఆ రోజు ఆ చీర పట్టుకుని మొదట దాటింది నేను.

తాత పోయేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. తర్వాత కొన్నాళ్లు అవ్వ, ఇంకో ముసలమ్మ. నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. చందుర్తి, బోయినపల్లి, ఏ ఊరికి బదిలీ అయినా ముందు బడి చూసేదాన్ని కాదు, రోడ్డు ఎటుందో చూసేదాన్ని. తాతకు మాత్రం తప్పయిందని చెప్పలేదు. ఆయన బతికుండగా చెప్పొచ్చు. ఎదురుగా కూర్చుని ముంజలు తిన్నప్పుడైనా చెప్పొచ్చు. ముడి వేసిన దానికి కాదు, ఆ పాట కట్టినందుకు. నోరు రాలేదు.

నిన్న బాల్కనీలోంచి లారీనీ పిల్లనూ చూశాక, నేను కేక వేశాను. పైనుంచి వేసిన కేక కిందికి చేరలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషినని మరిచిపోయి, చెప్పులు లేకుండా మూడంతస్తులు దిగాను. దిగేసరికి లారీ ఎప్పుడో వెళ్లిపోయింది. మా మనుమరాలు బుద్ధిగా ఇవతలే నిలబడి ఉంది, వెనక ఇంకో పదిమంది. అవతల పిల్ల ఒక్కతే పలక పట్టుకుని బిక్కమొహం వేసింది. నన్ను చూసి, అమ్మమ్మా దాటుతరా అని కేకేసింది.

"లేదు బిడ్డా. ఇటు కొస నేను వట్టుకున్న. నువ్వు కానియ్యి."

ఏ కొసో ఆ పిల్లకు ఏం తెలుసు. అయినా ఈల ఊది పలక ఎత్తింది. నేను ఇటు చెయ్యి చాచి, అలవాటు లేకున్నా నడుము కొంచెం వెనక్కి వాల్చి నిలబడ్డాను. బండ్లు ఆగాయి. మా మనుమరాలు నా చేతిని ముట్టుకుంటూ, ముందుకే చూస్తూ, ఉరకకుండా దాటిపోయింది.